మా కాలేజీ ఎవరితో ఆడాలి

1984 ఆగస్టు చివర. వర్జీనియా పశ్చిమాన, కొండల మధ్య ఉన్న ఒక చిన్న స్టేట్ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. సెమిస్టర్ ఇంకా మొదలుకాలేదు. మా ప్రెసిడెంట్ నన్ను తన గదికి పిలిపించి, కాలేజీకి ఫ్యాకల్టీ అథ్లెటిక్ రెప్రజెంటేటివ్‌గా ఉండమని అడిగారు.

ఈ పదవి సంగతి అమెరికాలో చదువుకున్నవాళ్లకే సరిగా తెలియదు. ఇక్కడ ప్రతి కాలేజీకీ ఆటల జట్లు ఉంటాయి. ఇరుగుపొరుగు కాలేజీలు కొన్ని కలిసి ఏటా ఒకరితో ఒకరు ఆడుకోవడానికి కట్టుకున్న కూటమిని కాన్ఫరెన్స్ అంటారు. ఆటగాళ్ల చదువు ఎలా సాగుతోందో చూడటానికి, కాన్ఫరెన్స్ సమావేశాల్లో కాలేజీ తరఫున ఓటు వేయడానికి పాఠం చెప్పే మాస్టారు ఒకరుండాలి. ఆ మాస్టారే ఈ రెప్రజెంటేటివ్.

నేను నరసాపురంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడుతూ పెరిగినవాణ్ణి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి చేతిలో ఉందో కూడా నాకు ఒక పట్టాన తెలిసేది కాదు. ఆ మాటే చెప్పాను. ప్రెసిడెంట్ నవ్వి, ఆటలు తెలిసినవాళ్లందరూ అప్పటికే ఏదో ఒక పక్షం పట్టేశారని, అందుకే నన్ను అడుగుతున్నానని అన్నారు. ఆ పక్షాలు ఏమిటో నాకు అక్టోబరులో అర్థమైంది.

అక్టోబరులో మాకు ఒక పెద్ద కాన్ఫరెన్స్ నుంచి పిలుపు వచ్చింది. దేశంలోని కాలేజీలను ఆటల విషయంలో డివిజన్లుగా విడదీస్తారు. డివిజన్ వన్ అంటే టీవీలో కనిపించే పెద్ద కాలేజీలు. మేము ఉన్నది దాని కింది మెట్టు. మా కాన్ఫరెన్స్‌లో ఉన్నవన్నీ మాలాంటివే, ఒకప్పుడు బడిపంతుళ్లను తయారుచేసిన కాలేజీలు. ఎటు వెళ్లినా బస్సులో వెళ్లి ఆడి, అదే రోజు ఇంటికి వచ్చి పడుకునేంత దూరం. పిలుపు పంపిన పెద్ద కాన్ఫరెన్స్‌లోనేమో ఒక కాలేజీ కరొలైనా సముద్రతీరాన, ఇంకొకటి టెనెసీ అవతలి కొసన, మరొకటి జార్జియాలో ఉన్నాయి.

ఊరంతా ఉప్పొంగిపోయింది. మంగలి షాపులో, బ్యాంకులో, చర్చి మెట్ల మీద అదే మాట. ప్రెసిడెంట్ కూడా పైకి అనకపోయినా వెళ్లాలనే ఉన్నారు. కాలేజీ పేరు నాలుగు రాష్ట్రాల్లో వినబడితే చేరే విద్యార్థులు పెరుగుతారని ఆయన ఆశ. ఫుట్‌బాల్ కోచ్ వాదన కూడా తీసిపారేసేది కాదు. తను చేయి పట్టి ఆట నేర్పించిన కుర్రాళ్లు డివిజన్ వన్ అనే ఒక్క మాట కోసం వేరే కాలేజీలకు వెళ్లిపోతున్నారని ఆయన బాధ. ఈ విషయం తేల్చడానికి ప్రెసిడెంట్ కోచ్‌లను కూడా కలిపి ఒక కమిటీ వేసి, దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. వసంతంలోగా మా సిఫారసు ఇవ్వాలి.

మొదట్లో నేనూ వెళ్లడమే మంచిదనుకున్నాను. పెద్ద చోటికి పిలిస్తే వెళ్లకుండా ఉంటామా? నేను ఈ దేశానికి వచ్చింది కూడా అలాంటి పిలుపు అందుకునే.

ఇక్కడ డొరతీ గురించి చెప్పాలి. ఆమె మా అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్. అప్పటికి యాభై దాటి ఉంటుంది. పొడుగ్గా, ఎముకలు తేలిన మనిషి. మెడలో ఎప్పుడూ విజిల్, కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు. ఆమె చేరిన కొత్తలో అమ్మాయిల జట్టుకు ఆడుకునే హాలు, అదే జిమ్, కూడా దొరికేది కాదట. అబ్బాయిల ప్రాక్టీస్ అయిపోయాక మిగిలిన వేళలోనే ఆడుకోవాలి. యూనిఫాంలు తనే కుట్టేది, వ్యాను తనే నడిపేది. పగలంతా వ్యాయామ పాఠాలు చెప్పి సాయంత్రాలు కోచింగ్ ఇచ్చేది. అలాంటి జట్టును ఆమె మా కాన్ఫరెన్స్‌లో ఎవరూ తేలిగ్గా ఓడించలేనిదిగా తయారుచేసింది. పెద్ద కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఆమెకు పాఠాలు చెప్పే పని తప్పుతుంది, జీతం పెరుగుతుంది, పేరు వస్తుంది. ఇన్నేళ్ల కష్టానికి అది న్యాయమైన ఫలితమని, ఆమె ఓటు వెళ్లడానికేనని అందరం అనుకున్నాం.

డిసెంబరులో ఆమె అభిప్రాయం అడగడానికి జిమ్‌కి వెళ్లాను. జనవరిలో తన జట్టు కరొలైనా తీరాన ఉన్న కాలేజీతో ఒక ఆట ఆడబోతోందని, నన్ను కూడా రమ్మని అంది.

“మ్యాప్ మీద చూసి రాయకండి, డాక్టర్ రావ్. మాతో బస్సులో వచ్చి కూర్చోండి. తర్వాత మీకేది తోస్తే అది రాయండి.”

ఇంటికి వచ్చి చెబితే నా భార్య కరుణ వెంటనే ఒప్పుకుంది. ఆమె ఊళ్లోని ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్.

“వెళ్లిరండి. నెలకోసారి ప్రేయర్ మీటింగ్‌కి రాష్ట్రం ఆ కొసన హెర్న్‌డన్ దాకా డ్రైవ్ చేసి వస్తేనే మర్నాడు డ్యూటీకి వెళ్లడానికి నాకు ఒళ్లు లేవదు. ఆ పిల్లలు వారం వారం ఎలా తిరుగుతారో మీరే చూడండి,” అంది.

శనివారం పొద్దున బయల్దేరితే చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆ కాలేజీ అరీనా మా ఊరి జనమంతా పట్టేంత ఉంది. అంత చోటులో మా ఆట చూడటానికి వచ్చినవాళ్లు ఇటు కొందరు, అటు కొందరు. మైకులో మా అమ్మాయిల పేర్లు తప్పుగా చదివారు. మావాళ్లు చివరి నిమిషం దాకా పోరాడి, కొద్ది తేడాతో ఓడిపోయారు. నేను ఆ రోజే మొదటిసారి ఒక ఆటను కళ్లార్పకుండా చూశాను. పెద్దవాళ్లతో సమంగా ఆడగలరన్న సంగతి అక్కడే తేలిపోయింది. ఇక అడగడానికేముందనిపించింది.

మర్నాడు తిరుగు ప్రయాణం. లిండా అనే అమ్మాయి నా వెనక సీట్లలో ఎక్కడో కూర్చుంది. జట్టును నడిపించే పాయింట్ గార్డ్ ఆమే. బొగ్గుగని పనివాడి కూతురు, డాక్టర్ కావాలని పట్టుదల. నా దగ్గర ఫిజికల్ కెమిస్ట్రీ చదువుతోంది. సోమవారం పదింటికి ఆ క్లాసుకే పరీక్ష పెట్టాను. బస్సులో పుస్తకం తెరిస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయి. అందుకని డొరతీ వెళ్లి పక్కన కూర్చుని, పుస్తకంలో ప్రతి అధ్యాయం చివర ఉండే ప్రశ్నలు పైకి చదవడం మొదలుపెట్టింది. లిండా కళ్లు మూసుకుని జవాబులు చెబుతోంది.

డొరతీకి కెమిస్ట్రీ రాదు. ఎంథాల్పీ అన్న మాటను నాలుగు రకాలుగా పలికింది. నాకు ఉండబట్టలేక వెనక్కి తిరిగి సరిచేశాను.

“మీరు ముందుకు చూసి కూర్చోండి, ప్రొఫెసర్. పరీక్ష రాయాల్సింది ఆమె,” అంది డొరతీ.

బస్సంతా నవ్వింది. తర్వాత గమనిస్తే ప్రతి సీట్లోనూ ఏదో ఒక చదువు నడుస్తోంది. ఒకమ్మాయి చీలమండకు ఐసు కట్టుకుని ఎముకల పేర్లు వల్లె వేస్తోంది. ఇంకొకామె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిద్రపోతోందేమో అనుకున్నాను. తీరా చూస్తే స్పానిష్ క్రియలు గొణుగుతోంది. లిండా పాఠం అయ్యాక డొరతీ ఆ అమ్మాయి దగ్గరకు, అక్కణ్ణుంచి ఇంకొకరి దగ్గరకు వెళ్లి, ఊగే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ప్రశ్నలు చదువుతూ ఉంది. ఇన్నేళ్లుగా సరిగ్గా చదువుకుని నా క్లాసుకు వచ్చే ఆటగత్తెలను చూసి, వాళ్లు స్వతహాగా తెలివైనవాళ్లని అనుకునేవాణ్ణి. తెలివికి తోడు ఇంత శ్రమ ఉందని ఆ రోజే చూశాను.

సాయంత్రానికి కొండల కిందికి చేరుకున్నాం. మంచు పడి పైదారి మూసేశారు. ఆ ఊళ్లోనే మోటల్‌లో ఉండిపోవాల్సి వచ్చింది. దారి తెరిచి మేము కాలేజీ చేరేటప్పటికి సోమవారం మధ్యాహ్నమైంది. లిండా పరీక్ష పోలేదు. కారణం ఒక్కటే, పరీక్ష పెట్టాల్సిన నేను కూడా ఆ బస్సులోనే చిక్కుకుపోయాను. మిగతావాళ్లకు ఆ అదృష్టం లేదు. ఇద్దరమ్మాయిలకు బయాలజీ ల్యాబ్ పోయింది. అది మళ్లీ పెట్టరు. ఒకామెకు స్కూల్లో పాఠం చెప్పే ప్రాక్టీస్ రోజు పోయింది. కొత్త కాన్ఫరెన్స్‌లోకి వెళ్తే ఇలాంటి ప్రయాణాలు చలికాలమంతా ఉంటాయి.

మార్చిలో కమిటీ ఆఖరి సమావేశం జరిగింది. పూర్వ విద్యార్థుల తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. ఊళ్లో కార్ల వ్యాపారి, కాలేజీ అంటే నిజమైన అభిమానం ఉన్నవాడు. ఆయన డొరతీని నేరుగా అడిగాడు, పెద్ద కాన్ఫరెన్స్‌లో ఆమె జట్టు గెలవగలదా అని.

“గెలుస్తాం,” అంది డొరతీ. “కొన్నేళ్లు పడుతుంది, కానీ గెలుస్తాం. అయితే అప్పుడు గెలిచేది ఈ అమ్మాయిలు కారు. డాక్టర్ కావాలనుకునే లిండాను నేను తీసుకోలేను. ఏడాదంతా బస్సులో ఉండగల అమ్మాయిల్ని వెతుక్కోవాలి. అలాంటివాళ్లు దొరుకుతారు. కానీ ఈ కాలేజీ పెట్టింది లిండా లాంటివాళ్ల కోసం.”

ఆయన ఇంకో మాట అడిగాడు. ఇన్నేళ్లు కష్టపడ్డారు కదా, మీకంటూ పైకి రావాలని లేదా అని. అందులో వెటకారం లేదు.

“ఉంది. ఈ పిలుపు వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వెళ్లాలని ఇప్పటికీ ఉంది. నాకు ఏం కావాలో మీరు అడిగితే వెళ్దామనే చెబుతాను. కాలేజీకి ఏది మంచిదని అడిగితే మాత్రం ఉందామని చెబుతాను.”

ఆ తర్వాత, మాలో ఎవరికీ తట్టని సంగతి ఒకటి చెప్పింది. కాన్ఫరెన్స్‌లో గెలిచిన జట్టుకు జాతీయ పోటీల్లో నేరుగా చోటు దక్కుతుంది. దాన్ని ఆటోమేటిక్ బిడ్ అంటారు. కాన్ఫరెన్స్‌లో కనీసం ఇన్ని కాలేజీలు ఉంటేనే ఆ హక్కు. మేము తప్పుకుంటే మా కాన్ఫరెన్స్‌లో ఆ సంఖ్య తగ్గిపోతుంది. కొండ అవతలున్న చిన్న కాలేజీ మొదలుకుని మిగిలినవాళ్లందరికీ జాతీయ పోటీల దారి మూసుకుపోతుంది. ఆ కాలేజీలతో ఇన్నేళ్లు ఆడాం, వాళ్ల జిమ్‌లలో వాళ్లు వండిపెట్టినవి తిన్నాం, అది కూడా లెక్కలోకి తీసుకోమని మమ్మల్ని కోరింది.

ఓట్లు చీలిపోయాయి. ఒక్క ఓటు తేడాతో ఉండిపోదామని తేలింది. ఫుట్‌బాల్ కోచ్ వ్యతిరేకంగా వేసి, బయటికి వచ్చాక డొరతీతో చేయి కలిపాడు.

సిఫారసు తీసుకుని వెళ్తే ప్రెసిడెంట్ మొదటి నుంచి చివరిదాకా చదివి, బల్ల మీద పెట్టారు. తర్వాత అడిగారు.

“మీరు ఆ బస్సు ఎక్కకపోయి ఉంటే ఏం రాసేవారు, రావ్?”

“వెళ్దామనే రాసేవాణ్ణి.”

“నేను ఆ బస్సు ఎక్కలేదు కదా,” అన్నారాయన.

మా సిఫారసు పక్కన పెట్టేసే అధికారం ఆయనకుంది. ట్రస్టీల్లో ఎక్కువమంది ఆయన మనసులో మాట తెలిసి, దానికే సిద్ధంగా ఉన్నారు. అయినా ఆయన వాళ్ల ముందు నిలబడి, తన ఆలోచన మారిందని, ఎందుకు మారిందో కూడా దాచకుండా చెప్పారు. పదవిలో ఉన్నవాడు అంతమంది ముందు మనసు మార్చుకోవడం ఎంత కష్టమో తర్వాత నేను డిపార్ట్‌మెంట్ చైర్ అయినప్పుడు తెలిసింది.

మేము కాదన్న చోటికి ఇంకో కాలేజీ వెళ్లింది. వాళ్లు బాగానే రాణించారు. టీవీలో వాళ్ల ఆట వచ్చినప్పుడల్లా నాకు ఎవరో ఒకరు గుర్తుచేసేవారు. ఫుట్‌బాల్ కోచ్ మరుసటి ఏడాది పెద్ద కాలేజీకి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లడం కూడా సబబే.

ఇక మా అమ్మాయిల సంగతి. మరుసటి సీజన్ కాన్ఫరెన్స్ ఫైనల్లో మావాళ్లు కొండ అవతలి కాలేజీతో ఆడి, మా సొంత జిమ్‌లోనే ఓడిపోయారు. మేము వెళ్లకుండా ఆగి నిలబెట్టిన ఆటోమేటిక్ బిడ్‌ను వాళ్లు ఎగరేసుకుపోయారు. కార్ల వ్యాపారి నా వైపు చూసిన చూపు నాకు ఇంకా జ్ఞాపకమే. నాకు కూడా ఆ పూట అన్నం సహించలేదు.

రెండు రోజుల తర్వాత నేను జిమ్ పక్కగా వెళ్తుంటే లోపల బంతి చప్పుడు వినిపించింది. సీజన్ అయిపోయింది కదా, ఎవరా అని చూస్తే మా అమ్మాయిలు, కొండ అవతలి అమ్మాయిలు ఆడుతున్నారు. జాతీయ పోటీల్లో వాళ్లకు ఎదురయ్యే జట్టు ఎలా ఆడుతుందో డొరతీకి తెలుసు. తన పిల్లల చేత అచ్చం అలాగే ఆడించి, ఆ జట్టుకు ప్రాక్టీస్ ఇస్తోంది. వాళ్ల కోచ్ ఒకప్పుడు డొరతీ శిష్యురాలేనట. నేను గోడకు ఆనుకుని నిలబడి చూశాను. ఓడిపోయిన పిల్లలు గెలిచిన పిల్లల్ని ఇంకా బాగా గెలవమని తోస్తున్నారు. డొరతీ రెండు జట్ల మీదా ఒకేలా విజిల్ ఊదుతోంది, ఒకేలా తిడుతోంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ పదవిలో ఉన్నాను. ఇలాంటి పిలుపులు మాకూ వచ్చాయి, మా పొరుగువాళ్లకూ వచ్చాయి. వెళ్లినవాళ్లందరూ తప్పు చేశారని నేను అనను. కానీ సలహా అడిగినవాళ్లతో నేను ఒక్క మాటే చెబుతూ వచ్చాను. మనల్ని ఎవరు పిలుస్తున్నారో చూడటం తేలిక. ఓడిపోయిన మర్నాడు కూడా ఎవరితో ఆడాలనిపిస్తుందో ముందు అది చూసుకోవాలి. మనకు తగిన చోటు వాళ్ల మధ్యనే ఉంటుంది.