ప్రేమత్త వాకిట్లో చేప పేగులు

రమ్యశ్రీ గోనెపట్టా మీద అరటితొక్కను కుడుతోంది. తొక్క స్పాంజిది. పసుపు రంగు వేసి, అంచులకు కాఫీ డికాషన్ పట్టించి ఆరబెట్టింది. దాని పక్కన నలిగిన కాగితపు గ్లాసులు, మైదా జిగురుతో గట్టిపరచిన విస్తరి ముక్కలు, కొబ్బరిపీచు. అన్నిటినీ దబ్బనంతో పురికొసకు బిగించింది. పట్టా పరిస్తే చెత్తకుప్ప, చుట్టేస్తే చాప. నేల మీద మరక కూడా మిగలదు.

రంగస్థలం, మీడియా కలిపి చెప్పే డిగ్రీలో ఆమెది ఆఖరి ఏడాది. తండ్రి వెంకటాద్రికి కోసపాళయంలో తాళ్ళు, గోనెలు అమ్మే అంగడి ఉంది. బీకాం చదివి అంగడిలో కూర్చోమన్నాడు. బడి నాటకానికి అట్టపెట్టెలతో పడవ కడితే చూసినవాళ్ళంతా అందులో ఎక్కబోయారని ఈ చదువులో చేరింది రమ్యశ్రీ. ఇక్కడ పని కన్నా మాట ఎక్కువ. కుర్చీలు గుండ్రంగా వేసుకుని 'నిజం' గురించి, 'అనుభవం' గురించి మాట్లాడతారు. తెర జారిపడితే మేకు కొట్టడానికి ఎవరూ లేవరు. కుట్టడం, రంగు కలపడం, వీడియో కత్తిరించడం అన్నీ ఆమె చెడగొట్టుకుంటూ తనంతట తానే నేర్చుకుంది.

ఆఖరి ప్రాజెక్టు వీధుల శుభ్రత మీద చిన్న సినిమా. దర్శకుడు శ్రవణ్, యానాం నుంచి వచ్చినవాడు. సినిమా తీయడానికి ఉప్పళంలో తమ ఇంటి ఎదురు వాకిలిని రమ్యశ్రీ అడిగింది. అది ప్రేమత్తది. రోజూ సాయంత్రం అరుగు మీద బియ్యప్పిండి సేమ్యాలా ఒత్తి ఆవిరికి ఉడికించే ఇడియాప్పం అమ్ముకుని బతికే మనిషి. అందుకే ఆ వాకిలి ఎప్పుడూ కడిగి ఉంటుంది.

"కుప్పంటాండావు, నా వాకిట్లోనా?" అంది ప్రేమత్త.

రమ్యశ్రీ పట్టాను పరిచి, చుట్టి చూపించింది. ఒక్క మెతుకు కూడా నేల మీద పడదని మాట ఇచ్చింది. కానీ ప్రేమత్త ఒప్పుకున్నది పట్టాను చూసి కాదు. శ్రవణ్ వచ్చి "అత్తయ్యగారూ, బాగున్నారాండీ?" అన్నాడు. ఇల్లు దాటితే తమిళమే తప్ప తెలుగు వినబడని వీధి అది. ఆమె మొహం విప్పారింది.

"మనోడు పాపా! మన మాట మాట్లాడేవాడు మన వాకిలి పాడు చేస్తాడా?" అంటూ కాఫీ కూడా ఇచ్చింది.

షూటింగ్ రోజు పొద్దున శ్రవణ్ పట్టాను చెప్పుకాలితో తట్టి చూశాడు.

"బొమ్మల కొలువులా ఉంది రమ్యా. దీన్ని చూస్తే ఎవడికి వాంతొస్తాది? నిజం కావాలి."

"కెమెరాలో చూడు ముందు."

"చూడక్కర్లేదే బాబూ. నటుడికి కంపు తగలాలి. అప్పుడే మొహంలో జీవం వస్తాది."

వెనక నుంచి పెయింటు డబ్బా తీసి, రమ్యశ్రీ చెయ్యి అడ్డం పెట్టేలోపే వాకిట్లో బోర్లించాడు. చేపల బజారు నుంచి తెచ్చిన పేగులు, మొప్పలు, నల్లటి నీళ్ళు. ముగ్గు మీదుగా జారి మెట్టు దాకా పాకాయి. ఈగలు ముసిరాయి. కాకులు దిగాయి. నటించాల్సిన మణికంఠన్ ముక్కు మూసుకుని వీధి చివరికి పరుగెత్తాడు. జీవం వస్తుందన్న మొహం చేతిరుమాలులోనే ఉండిపోయింది. కెమెరాలో చూస్తే అదంతా బూడిదరంగు బురద. అదే అద్భుతమన్నాడు శ్రవణ్. దాని గురించి చర్చించాలని అందరినీ తీసుకుని టీకొట్టుకు బయల్దేరాడు.

"మరి ఇది?" అంది రమ్యశ్రీ.

"రెండు బిందెల నీళ్ళు కొడితే పోద్ది."

అప్పుడే ప్రేమత్త తలుపు తీసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏంది పాపా ఇది? నీ పట్టా యాడ? పొద్దు వాలితే జనం తినేదానికి వస్తారే. ఈ కంపులో ఎవరు నిలబడతారు?" అంది. వెళ్ళిపోతున్న శ్రవణ్ వీపు కేసి చూసి, "మనోడంట మనోడు! థూ!" అంది.

రమ్యశ్రీ తమ ఇంట్లోకి వెళ్ళి పాత చీర కట్టుకుని వచ్చింది.

ముందు నీళ్ళు పోయకూడదు. పోస్తే కొవ్వు రాతి సందుల్లోకి దిగి రోజుల తరబడి కంపు కొడుతుంది. రేకుతో గీకి, ముద్దగా ఉన్నదంతా సంచిలోకి ఎత్తింది. ఒక పేగు చిట్లి ముంజేతి మీద చింది, వెచ్చగా కారింది. దాన్ని సంచి అంచుకు తుడిచి, మళ్ళీ వంగింది. వడ్రంగి అంగడి నుంచి రంపపు పొట్టు తెచ్చి చల్లింది. అది తడిని పీల్చాక ఊడ్చింది. సందులను పుల్లతో తవ్వింది. చింతపండు పులుసు పోసి కొబ్బరిపీచుతో తోమింది.

మధ్యలో ఫోన్ మోగింది. మోచేత్తో నొక్కింది.

"యాడున్నావని అడగాలా మీ భాషలో?" అని నవ్వాడు శ్రవణ్. "పట్టా పట్టుకుని రా. వెనకాల పరుస్తాం. తర్వాతి షాట్ బీచ్‌లో."

"కడగతాండాను. నువ్వొచ్చి చీపురు పట్టు."

"నేను డైరెక్టర్ని రమ్యా."

"కుమ్మరించేదానికి డైరెక్టరెందుకు?"

"రాకపోతే టైటిల్స్‌లో నీ పేరుండదు. సార్‌కి చెప్తాను, మార్కులు నీ ఇష్టం."

"తీసెయ్. ఆ బురద మీద నా పేరు నాకే వద్దు."

ఫోన్ పెట్టేసి సబ్బునీళ్ళు కలిపింది.

పసుపునీళ్ళు చల్లాక ప్రేమత్తను పిలిచింది. ఆమె మెట్టు దిగి, నడుం వంచి, మూలమూలా వాసన చూసింది.

"ఈ కాలవ మొదట్లో ఇంకా ఉండాది."

రమ్యశ్రీ అక్కడ మళ్ళీ తోమింది. ప్రేమత్త మళ్ళీ వంగి చూసింది. లోపలికెళ్ళి ముగ్గుపిండి తెచ్చి తడి ఆరినచోట నాలుగు గీతలు లాగింది. ఆవిరి గిన్నెను అరుగు మీదికి ఎత్తింది. రమ్యశ్రీ ఆమె చీపురు, బకెట్ కడిగి చేతికి ఇచ్చింది.