మధ్యలో మిగిలిన జంట

కోలలు చంకలో పెట్టుకుని నలుగురేసి చేతులు పట్టుకోమన్నాను. పట్టుకున్నారు. వరుసల చివర మిగలాల్సిన జంట మధ్యలో మిగిలింది. ఆ జంట నా ఇద్దరు కూతుళ్లు. ఏదో జరగబోతోందని నాకు తెలిసింది అప్పుడే.

"అమ్మా, మాకు ఎవరూ లేరు లా!" అని ఆరేళ్ల చిన్నది ఇక్కడి బడి పిల్లల యాసలో అరిచింది. ఎనిమిదేళ్ల పెద్దది మాత్రం నేను చెప్పినచోటే బొమ్మలా నిలబడింది.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక దుకాణం మీద అద్దె హాలది. ఆదివారం సాయంత్రాలు తెలుగు ఆడవాళ్లకూ పిల్లలకూ అక్కడ కాంట్రా డాన్స్ నేర్పుతున్నాను. ఈ దేశంలోనే జార్జ్ టౌన్ ఊళ్లో కాలేజీ చదివేటప్పుడు ఒక విదేశీ లెక్చరర్ దగ్గర నేర్చుకున్నది. ఎదురెదురుగా రెండు పొడవాటి వరుసలు, ఎదుటివారే మన జంట. వీళ్లు దానికి తమ కోలాటం కోలలు తెచ్చి కలిపారు. అడుగులు త్వరగానే వస్తాయి, నిలబడటం నేర్పడమే కష్టం. పాట వచ్చే వైపు నుంచి లెక్కపెట్టాలి. ప్రతి నలుగురిలో పాటకు దగ్గరగా ఉన్నవాళ్లు మొదటి జంట, వెనక ఉన్నవాళ్లు రెండో జంట. ఒక్కో విడత అయ్యేసరికి మొదటి జంటలు పాటకు దూరంగా, రెండో జంటలు పాట వైపుకు ఒక చోటు జరుగుతారు. అందరూ ఒకే వైపు నుంచి లెక్కపెడితే ఎవరి కోలా ఎవరికీ తగలదు.

ఆ రోజు స్పీకరు ఒక గోడ దగ్గర, దీపం పెట్టిన దేవుడి పటం ఎదుటి గోడ దగ్గర ఉన్నాయి. దీపం వైపున్న పెద్దవాళ్లు తమ వైపు నుంచి లెక్కపెట్టుకున్నారు.

"ఆంటీ, మొదటి జంట ఇటు నుంచి," అన్నాను మైకులో.

"ఏటమ్మాయ్, దేవుడి కాడున్నోళ్లం ఆఖరోళ్లమెలాగైపోతాం? నీ స్పీకరుకి దండం ఎట్టాలా ఏటి?" అంది దీపం పక్కనున్న పెద్దావిడ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే ఆ నవ్వుకే సిగ్గేస్తోంది.

ఆపి, మళ్లీ లెక్కపెట్టించాల్సింది. కానీ నొచ్చుకుంటారేమో, వచ్చే వారం రారేమో అనిపించింది. మా ఆయన సముద్రం అవతల సరవాక్‌లో ఓడరేవులో పని చేస్తారు, రెండు నెలలకోసారి వస్తారు. వారం మొత్తంలో పెద్దవాళ్లెవరైనా నాతో మాట్లాడేది ఆ రెండు గంటలే. పాట పెట్టాను.

రెండో విడతలోనే రెండు వైపుల నుంచీ మొదటి జంటలు కోలలు తిప్పుకుంటూ మధ్యకు వచ్చేశాయి. రెండూ నా పిల్లలనే తమ రెండో జంట అనుకున్నాయి. "ఆగండి" అని నేననేలోపు చిన్నది నేల మీద కూలబడింది. ముఖానికి అడ్డం పెట్టుకున్న వేళ్ల సందుల్లోంచి రక్తం.

కంటికి కాదు, కనుబొమ మీద తగిలింది. క్లినిక్‌లో మూడు కుట్లు వేశారు. పెద్దావిడ తోడొస్తానంటే "వద్దాంటీ" అన్నాను, ఎందుకన్నానో. బెంచీ మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

ఇంటికొచ్చాక పెద్దది అన్నం ముట్టలేదు. పడుకునే ముందు అడిగింది: "అమ్మా, చెల్లిని రాంగ్ ప్లేస్‌లో నేనే నిలబెట్టినానా?"

"పడుకో," అన్నాను. లైటు తీసేశాక కూడా అది నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

పొద్దున బడి బట్టలు వేయకముందే ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టుకున్నాను.

"మీరు నిలబడిన చోటు తప్పు కాదు. ఎవరూ లేరని మీరు సెప్పినారు. నేను సూసినాను కూడా. ఆంటీలకు కోపమొస్తాదని ఆపలేదు. తప్పు నాది. ఇంకోసారి అలాగైతే నా మాట కోసం సూడొద్దు. చేతులు పట్టుకుని పక్కకొచ్చేయండి."