మా ఇల్లు బస్సు లైట్ల పంచాయితీ

పోయిన ఆదివారం తెల్లాపూర్‌లోని మా ఫ్లాటులో ఫాల్స్ సీలింగ్ లైటొకటి రెండుమూడు సార్లు మిణుకుమని, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వదిలి ఆరిపోయింది. వాసన పక్క ఫ్లాటు దాకా పోయింది. మా టవర్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు భయపడ్డారు, ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. నాకు మాత్రం ఆకలైంది. ఇందులో నా తప్పేమీ లేదు. నా చిన్నప్పుడు కాలిన వైరు వాసనా, సకినాలు వేగే నూనె వాసనా ఒకే సాయంత్రం, ఒకే వాకిట్లో వచ్చేవి. అప్పటినుంచి ఎక్కడ వైరు కాలినా నాకు నోరూరుతుంది.

నల్లగండ్లలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేం, పైన కిరాయికి ప్రసాద్ అంకుల్, సుజాత ఆంటీ. నాన్న మూసాపేటలో బస్సు బాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. అంకుల్‌ది భీమవరం, సర్కారు ఉద్యోగం. ఆంటీది కర్నూలు, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతికితే జీతమిచ్చే ఉద్యోగం. మా అమ్మ అదే పని ఇంట్లో ఉచితంగా చేసేది.

నాన్నా అంకులూ కలిసి, ఐటీ కంపెనీల స్టాఫును మోసి మోసి అలసిపోయిన పాత బస్సునొకదాన్ని కొని, సీట్లు పీకేసి, రెండు మంచాలూ, పైన ఒక బెర్తూ, గ్యాసు పొయ్యీ, నీళ్ల ట్యాంకూ, తలుపు ఎప్పుడూ సరిగా పడని బాత్రూమూ పెట్టి దాన్ని ఇల్లు బస్సు చేశారు. అంకుల్‌కు అరకు చూడాలని కోరిక, నాన్నకు చుట్టాలిళ్లలో పడుకోకుండా ఊళ్లు తిరగాలని కోరిక. పై బెర్తు నాదేనని ఇద్దరూ మాటిచ్చారు. నేను ఆ సంగతి క్లాసంతా చాటేశాను కాబట్టి ఇక వెనక్కి తగ్గే వీల్లేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బంద్ అంటే రేపు ధర్నా, బడికి సెలవులు ఎక్కువై సెలవంటేనే విసుగు పుట్టిన ఏకైక కాలం. బండ్ల మీద సీతాఫలాలు మెత్తబడి తియ్యటి వాసన వేసేవి, రాళ్లగుట్ట వెనక తంగేడు పూలూ గునుగు పూలూ కోసుకొచ్చి అమ్మ వాకిట్లో బతుకమ్మ పేర్చేది, నిర్మానుష్యమైన రోడ్డు మధ్యలో మేం వికెట్లు పాతి ఆడేవాళ్లం, కరెంటు పోతే వీధి వీధంతా బయటికొచ్చి విసనకర్రలు ఊపుకుంటూ కరెంటును తిట్టేది. చాయ్ తాగుతూ నాన్న తెలంగాణ రావాలనేవాడు, అంకుల్ కలిసుండాలనేవాడు. చాయ్ అయిపోతే ఆంటీ ఇంకో కప్పు పోసేది, చర్చా సాగేది.

దసరాకు మొదటి ప్రయాణం అరకుకని పెట్టుకున్నాం. సరిగ్గా దానికి ముందే బస్సు లైట్లకు రోగమొచ్చింది. ఒక్క లైటు వేస్తే బాగానే వెలిగేది. రెండు వేస్తే రెండూ నీరసించేవి. నీళ్ల మోటారు వేస్తే అన్నీ మూకుమ్మడిగా స్పృహ తప్పేవి, వాకిట్లో అమ్మ వేయించే దసరా సకినాల వాసనలో వైరు కాలిన వాసన కలిసేది. ముందు సగం వైరింగు నాన్నది, వెనక సగం అంకుల్‌ది.

"మీ దిక్కు వైరింగు నా దిక్కు కరెంటు గుంజుతుంది సాబ్," అన్నాడు నాన్న.

"అబ్బే, మీ మోటారేనండీ మా లైట్లను తినేస్తున్నది," అన్నాడు అంకుల్.

చివరికి ఆ రోజుల్లో ఎవరికైనా తోచే పరిష్కారమే వాళ్లకూ తోచింది: విడగొట్టడం. ముందుకో ఫ్యూజు డబ్బా, వెనకకో ఫ్యూజు డబ్బా, బ్యాటరీ నుంచి ఎవరి వైరు వాళ్లకు. నేల మీద సుద్దతో గీత గీశారు. బాత్రూం గీత మీద పడింది, దాన్ని ఉమ్మడిగా వాడుకోవాలని ఒప్పందం. ఈ ఆలోచనను తర్వాత ఢిల్లీకి ఎవరు చేరవేశారో నాకు తెలియదు.

అయినా రోగం కుదరలేదు. నాన్న స్క్రూడ్రైవరు కింద పడేశాడు. "దసరా దాంక చూస్త. గిట్లనే సతాయిస్తె బండి అమ్మి ఎవల దారి వాళ్లు చూస్కుందం."

"అలాగే కానివ్వండి. మేమూ ఇంకెక్కడైనా ఇల్లు చూసుకుంటాం," అన్నాడు అంకుల్, నెమ్మదిగా.

వాదించకుండా అంకుల్ ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. బండీ పోతుంది, పైవాళ్లూ పోతారు, క్లాసులో నా పరువూ పోతుంది. బాధలో ఈ మూడింటి వరుస ఏదో ఇప్పుడు చెప్పను.

మర్నాడు బంద్ వల్ల ఆఫీసు తొందరగా వదిలితే ఆంటీ మధ్యాహ్నానికే వచ్చింది, మెళ్లో ఐడీ కార్డు కూడా తీయకుండా బస్సెక్కింది.

"ఇద్దరూ దిగండబ్బా ముందు. ఒకసారికి ఒకటే మార్చాల. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో యాడ తెలుస్తాది?"

"ఇద్దరం దిగితే స్విచ్చులెవలు వేస్తరు చెల్లె?"

"నీ బిడ్డ లేదా అన్నా? అదైతే ఏ పార్టీ కాదు."

నేను స్విచ్చుల దగ్గర నిలబడి, లైట్ల ఆరోగ్యం గురించి గట్టిగా ప్రకటనలు చేశాను. బల్బు మార్చారు, అదే నీరసం. అంకుల్ కారు బ్యాటరీ తెచ్చి పెట్టారు, అదే నీరసం. ఆంటీ రెండు ఫ్యూజు డబ్బాలూ చూసి, "కరెంటు వచ్చే వైరు రెండు చేసినారు, సరే. మరి పోయే దారి?" అంది.

బస్సులో లైటుకు బ్యాటరీ నుంచి వైరు వస్తుందే గానీ, కరెంటు తిరిగి పోవడానికి వేరే వైరుండదు, బస్సు ఇనుప ఒళ్లే దారి. ఆ ఒంటిని బ్యాటరీతో కలిపే బోల్టు ఒకటే. దాన్ని ఎర్త్ అంటారు. దాన్ని ఇద్దరూ మరిచిపోయి మిగతాదంతా పంచుకున్నారు. ఆంటీ లైటు దగ్గర్నుంచి బ్యాటరీకి నేరుగా పొడవాటి వైరు పెట్టించింది. మోటారు నడుస్తుండగానే లైటు భగ్గున వెలిగింది.

డ్రైవరు మెట్టు కింద వెతికితే బోల్టు దొరికింది, నీలం రంగులో నిండా మునిగి. ఆయుధపూజకు బండి కొత్తగా మెరవాలని నాన్న బోల్టు విప్పి, కింద రంగు పూసి, మళ్లీ బిగించాడు. నాన్న ఎక్కడో వదిలేసి ఉంటాడని అంకుల్ చెప్పకుండా ఇంకో పూత వేశాడు. కనిపించిన ప్రతి ఇనుప ముక్కకూ బొట్టు పెట్టే అమ్మ దానికీ పెట్టింది. రంగు పొర కరెంటును పోనివ్వదనీ, అది ఆరిన రోజే రోగం మొదలైందనీ ఒక్కరికీ తట్టలేదు.

ఎన్ని ముక్కలు చేసినా భూమి ఒక్కటే అని ఇక్కడ ఎవరైనా ఒక వాక్యం రాస్తారు. నేను రాయను. అది ఐక్యత కాదు, ఎనామిల్ పెయింటు. గరుకు కాగితంతో గీకితే పోయింది.

దసరా నాడు బయల్దేరి లింగంపల్లి దాకా పోయాం. అక్కడ రోడ్డు మీద వంటా వార్పు, అంటే దారి మధ్యలో పొయ్యిలు పెట్టి అందరూ వండుకుని తిని నిరసన తెలిపే పద్ధతి. బండి ఆగింది. అంకుల్ కర్టెన్లు మూసి, జీవితంలో మొదటిసారి అభిప్రాయం ఏదీ లేనట్టు కూర్చున్నాడు. మెడలో కండువాతో ఒక పిల్లగాడు మెట్టెక్కాడు.

"లోపట ఎవలున్నరన్నా?"

"మా ఇంటోళ్లు," అన్నాడు నాన్న.

"ఆంధ్రోళ్లా?"

"పై పోర్షనోళ్లు. పులిహోర తెచ్చిన్రు, తింటవా?"

పిల్లగాడు ఆలోచించలేదు. పులిహోర విషయంలో అతనికి స్పష్టమైన వైఖరి ఉంది.

ఇంతలో మసక చీకటి పడింది, కరెంటు పోయింది. బయట అన్నం ఉడికిందో లేదో కనబడక గందరగోళం. అంకులే లేచి కర్టెన్లు తీసి, లైట్లన్నీ వేసి, మోటారు వేసి బిందెలకు నీళ్లు పట్టాడు. ఒక్క లైటూ నీరసించలేదు.

"అంకుల్, గా ఎనక లైటు గుడ వెయ్‌రి జర!" అని బయటినుంచి అరిచాడు కండువా పిల్లగాడు.

"వేశానండీ, వేశాను!"

ముందుకు దారి లేక బండి వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చాక నాన్న, "సాబ్, గా అమ్ముడు సంగతి..." అన్నాడు.

"ముందు ఆ సుద్దగీత తుడవండి యాదగిరి గారూ, కాళ్లకంటుతున్నది," అన్నాడు అంకుల్. సుద్దగీత నేనే తుడిచాను. అరకు పోలేదు గానీ, ఆ రాత్రి మా వాకిట్లోనే పై బెర్తు మీద పడుకున్నాను. క్లాసులో మాత్రం అరకు అనే చెప్పాను.

రాష్ట్రం వచ్చింది. పైవాళ్లు ఎక్కడికీ పోలేదు. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటి జాగాలో అపార్టుమెంటు లేస్తుంటే, నిలిపే చోటు లేక బండి అమ్మేశారు. ఇప్పుడు ఆ గుట్ట లేదు, తంగేడు లేదు, బతుకమ్మ పూలు సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో దొరుకుతున్నాయి. బండి ఏ ఊళ్లో ఉందో, ఉందో లేదో కూడా తెలియదు. కొనేవాడు ఆనాడు లోపలికి తొంగి చూసి లైట్లు కొంచెం డల్లుగా ఉన్నాయన్నాడు. అంతే, నాన్నా అంకులూ ఒకేసారి వాడి మీద పడ్డారు. నీళ్ల వాటాల నుంచి బిర్యానీలో ఆలుగడ్డ దాకా వాళ్లిద్దరికీ ఈ రోజుకీ దేనిమీదా కుదరదు. ఆ కొన్నవాడికి లైట్ల గురించి ఓనమాలు కూడా తెలియవన్న ఒక్క విషయంలో తప్ప.