రెండో రకం విమానం

తోటపల్లి గూడూరులో మా రొయ్యల గుంట గట్టు మీద నాన్న జనరేటరు వేయగానే డీజిల్ పొగ ముఖానికి కొడుతుంది. సెలవుకు వచ్చినా సరే, విమానం ఇంజను పొగలాంటి ఆ వాసనకు నా అరచేతుల్లో చెమట పడుతుంది. చెన్నైలో విమానాలు బాగుచేసే మా షెడ్డూ, అక్కడ మా పెద్ద ఇంజినీరు దేవదానం గారూ గుర్తొస్తారు. ఆయనది కావలి. నాకు పని నేర్పింది ఆయనే.

మొదట మా కంపెనీలో అన్నీ ఒకే రకం విమానాలు. ఒకదానికి తెచ్చిన సామాను ఏ విమానానికైనా సరిపోయేది. ఒకసారి నేర్చుకున్న పని అన్నిటికీ పనికొచ్చేది. తర్వాత అద్దె చవకని వేరే రకంవి రెండు తెచ్చారు. వాటికి విడి సామాను, విడి పనిముట్లు, మాకు విడి శిక్షణ. చవక అద్దె కాస్తా ఆ ఖర్చుల్లో కరిగిపోతుంటే పైవాళ్లు శిక్షణకే కోత పెట్టారు. "రెండు రకాలూ ఒకే మాదిరి ఉండాయి గదా సార్" అన్నాను. "ఒకే మాదిరి ఉండేదే ప్రమాదమమ్మా" అన్నారాయన.

ఒక మధ్యాహ్నం కొత్త రకం విమానానికి చక్రం మార్చి, పని సరిగ్గా అయిందని సంతకం పెట్టి వచ్చాను. ప్రయాణికులు ఎక్కుతున్నారు. ఆయన టీ తాగుతూ మామూలుగా అడిగారు.

"నట్టు ఎంతకు బిగించినావు?"

అంకె చెప్పాను.

"పుస్తకం చూసినావా?"

నేను చెప్పింది పాత రకం విమానం అంకె; కొత్తదాని పుస్తకంలో బిగింపు అంకె వేరే. అలవాటుపడిన చెయ్యి దానంతటదే బిగించేసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, ఫోను అందుకుని విమానం ఆపమన్నారు. కిటికీలోంచి చూస్తే, ఒకామె పిల్లను చంకనేసుకుని మెట్లెక్కుతోంది. ఆమె మళ్లీ కిందికి దిగేదాకా నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

విచారణలో నా ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. మేనేజరు నా పేరు రాసుకుంటుంటే దేవదానం గారు అడ్డుపడ్డారు. "ఈ పిల్ల తప్పు చేసింది, ఒప్పుకునింది. శిక్షణ సగానికి తగ్గించమని మీరు పంపిన కాగితం కూడా దీనికి జతచేయండి సార్. దానికి సరేనని సంతకం పెట్టింది నేనే. నా పేరు కూడా రాయండి." నన్ను పూర్తి శిక్షణకు పంపారు. ఆయనకు రావలసిన ప్రమోషను ఆగిపోయింది. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

ఆయనకు భయమంటే తెలియదనుకునేదాన్ని. ఆయన పోయాక కావలి వెళితే, ఆయన భార్య సుగుణమ్మ గారు చెప్పారు: "మీ సారు అన్నం బాక్సు ఎన్నిసార్లు అట్టనే తిరిగొచ్చేదో. తను చూసిన విమానం దిగిందని కబురొస్తేగానీ ముద్ద మింగేవాడు కాదు."

ఇప్పుడు షెడ్డులో పెద్ద ఇంజినీరును నేనే. కంఠతా వచ్చిన అంకెనైనా పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదువుతాను. నా కింద పనిచేసేవాళ్లు నన్ను ధైర్యస్థురాలనుకుంటారు. నా అన్నం బాక్సు సంగతి వాళ్లకు తెలియదు.