బిళ్ల వాపసు రాకపోతే

మా వాడకట్టులో అందరూ కాక అని పిలిచే పెద్దాయన పోయిన వారం చనిపోయాడు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పదో తరగతి పిల్లల ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. నా ఇంగ్లీషు మీద ఆయన పెట్టుకున్న నమ్మకం గుర్తొచ్చి, చేతిలోని ఎర్ర పెన్ను విసిరికొట్టాలనిపించింది.

కాక గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ల్యాంప్ రూంలో పనిచేశాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ దీపంతోపాటు నంబరున్న ఇత్తడి బిళ్ల ఇవ్వడం, పైకొచ్చాక దాన్ని తీసుకుని మేకుకు తగిలించడం ఆయన డ్యూటీ. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఇంటికొచ్చేవాడు కాదు. ఒకసారి షిఫ్టు దిగాక మా నాన్న మేకు ఖాళీగా ఉంది. "ఎక్కడో చాయ్ తాగుతుంటడు పో" అని అందరూ అంటే కాక ఒప్పుకోలేదు. "బిళ్ల వాపస్ రాలేదంటే మనిషి లోపలున్నడని లెక్క. సచ్చిండని కాదు. దేవులాడాలె" అని పోట్లాడి మనుషులను దింపించాడు. కాలు విరిగి పడి ఉన్న నాన్నను పైకి తెచ్చారు. ఆ తర్వాత నాన్న చాలా ఏళ్లు బతికాడు.

రిటైరైన రోజు తోటివాళ్లు గోడగడియారం ఇస్తామంటే వద్దని దుర్భిణి అడిగి తీసుకున్నాడు. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే సైకిల్ మీద గోదావరి ఒడ్డుకు పోయేవాడు. ఒక ఏడు అక్కడ ఎండిన చెట్టు మీద చేపలు పట్టే గద్ద కనిపించింది. కాలికి నీలం కడియం, దాని మీద తెల్లటి అంకెలు. మూడు రోజులు కాపలా కాసి ఆ నంబరు చదివి, అరచేతిలో రాసుకుని సరాసరి మా ఇంటికొచ్చాడు.

"సారూ, దీనికెవరో బిళ్ల ఇచ్చిండ్రు. ఇచ్చినోళ్లు ఎదురుచూస్తుంటరు. జల్ది రాయి."

నవ్వుకుంటూనే నెట్ సెంటర్లో కూర్చుని అడ్రసు వెతికి రాశాను. జవాబొచ్చింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో, అది గూట్లో పిల్లగా ఉన్నప్పుడు తొడిగారట. అది చలికాలం ఎక్కడ గడుపుతుందో ఇన్నాళ్లకు తెలిసిందని, ఇకముందు కూడా ఏటా కనిపిస్తే తెలియజేయమని అడిగారు. నేను చదివి చెబుతుంటే కాక చేతులు కట్టుకుని నిలబడే విన్నాడు.

ఆ తర్వాత ఏ చలికాలమూ తప్పలేదు. మా గేటు దగ్గర సైకిల్ ఆపి, "మనది వచ్చింది సారు, నిన్ననే సూసిన" అనేవాడు. ఆయన ఏదీ కాగితం మీద పెట్టుకోలేదు. నాకు చెబితే పని అయినట్టే.

"రాస్త కాక" అనేవాడిని. రాయలేదు. ఒక ఏడు పరీక్షలు, ఒక ఏడు ఇల్లు కట్టే హడావుడి. రాష్ట్రం కోసం సమ్మె జరిగిన ఏడు బాయిలు బంద్, బడులు బంద్, చేతినిండా ఖాళీ. అప్పుడూ రాయలేదు. చాయ్ హోటల్ దగ్గర నలుగురం కలిస్తే ఆయన్ను గద్దల కాక అని నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

చివరి రోజుల్లో దవాఖానలో కాక ఊపిరి ఆడక ఆయాసపడుతూ అడిగాడు.

"ఈయేడు రాసినవా సారు?"

"రాసిన కాక. మస్తు సంబురపడ్డరు."

"గట్లనా" అని కళ్లు మూసుకున్నాడు. అబద్ధం నా నోట్లోంచి అంత సాఫీగా వస్తుందని నాకే తెలియదు.

మట్టిచేసి వచ్చిన మర్నాడు కూర్చుని, గద్ద ఏటా వస్తూనే ఉందని వాళ్లకు రాశాను. పది నిమిషాలు పట్టింది. రెండు రోజులకు జవాబొచ్చింది. ఇన్నేళ్లుగా ఏ కబురూ లేకపోవడంతో ఆ నంబరును చనిపోయిన పక్షుల్లో చేర్చేశామని, మధ్యలో చూసిన తేదీలుంటే పంపమని. తేదీలన్నీ కాకకే నోటికి వచ్చు, ఆయనతోనే పోయాయి. వాళ్లను ఏమనగలను? ఆ బిళ్లను మేకు దాకా చేరనివ్వనిది నేను.

కాక భార్య దుర్భిణి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే పెట్టుకో బిడ్డా. నువ్వు రాసినవని పోయేముందు ఎంత ఖుషీ అయిండో" అంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

ఇవాళ పొద్దున గోదావరి ఒడ్డుకు పోయాను. ఎండిన చెట్టు మీదే ఉంది. దుర్భిణిలో నంబరు స్పష్టంగా కనిపించింది. చచ్చిందని వాళ్లు రాసేసుకున్న ఆ గద్ద నీలం కడియమున్న కాలెత్తి తీరిగ్గా మెడ గోక్కుంటోంది.