ఆ చిత్తుప్రతి నాకు అందింది

రెండేళ్లుగా నా బీరువాలో పదకొండు కాగితాలున్నాయి. వాటి బరువు బీరువాకు తెలియదు, నాకు తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పుకోగలుగుతున్నాను.

నేను అబిడ్స్‌లో ఒక కాలేజీలో ఎం.ఏ. వాళ్లకు తెలుగు చెబుతాను. కృత్రిమ మేధతో ప్రాజెక్టులు రాయించుకోకూడదని మా కాలేజీ పెట్టిన నియమాలు రాసింది నేనే. అనుమానం వస్తే విద్యార్థి చేత్తో రాసిన చిత్తుప్రతి తేవాలి, దాన్ని కమిటీ ముందు పెట్టాలి. నియమం అన్న మాటలోనే యముడున్నాడని తెలుగు పంతులునై ఉండీ గమనించలేదు.

మొదటి అనుమానమూ నాదే. నాంపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి మొజంజాహీ మార్కెట్ పండ్ల దుకాణాల మీద ప్రాజెక్టు ఇచ్చింది. ఒక్క తప్పు లేదు. పిలిచాను.

"ఇది నువ్వే రాశావా అమ్మా?"

"ఔ సార్, నేనే రాసిన."

"మాట్లాడేది ఇలా, రాసేది అలానా?"

"మీరే గట్ల రాయమన్నరు గద సార్. చిత్తు కాయితాలు ఇంట్ల ఉన్నయ్, రేపు తెస్త."

తెచ్చింది. పదకొండు కాగితాలు, నా చేతికే ఇచ్చింది. ప్రతి పేజీలో 'గాడ' కొట్టేసి 'అక్కడ', 'ఏంది' కొట్టేసి 'ఏమిటి'. క్లాసులో నేను వెక్కిరించిన మాటలన్నీ ఒక్కొక్కటిగా తనే కొట్టేసుకుంది. యంత్రం తన మాటకు తాను సిగ్గుపడుతుందా?

కమిటీలో అడిగారు. చిత్తుప్రతి రాలేదన్నాను. ఎందుకన్నాను? నేను పెట్టిన నియమం మొదటిసారే నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తుందనా? మా తాత కోస్తా నుంచి ఈ ఊరొచ్చి స్థిరపడినా, ఇక్కడివాళ్లకు మంచి తెలుగు రాదని ఇంట్లో విని విని ముందే తీర్పు చెప్పేసిన నా చెవులది తప్పని ఒప్పుకోలేకనా? రెండూనేమో. చిత్తుప్రతి దాచి, మనిషిని చిత్తు చేశాను.

సున్నా వేశారు. "కమిటీ నమ్మలేదమ్మా" అని ఆమెతో అన్నాను. ఆమె నన్ను మాత్రం నమ్మింది. చదువు మానేసింది.

మొన్న అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో కౌంటర్ వెనక కనబడింది. "నమస్తే సార్, ఏం చూపియ్యాలె?" అంది నవ్వుతూ. చూపించాల్సినవాణ్ణి నేను. అక్కర్లేని తువ్వాలొకటి కొనుక్కుని పారిపోయి వచ్చాను.

కాలేజీకి ఈ నిజం ఇంకా రాసివ్వలేదు. ఇస్తానా? నా మాట నేనే నమ్మలేకపోతున్నాను. రాయాల్సిన వాక్యం మాత్రం ఒక్కటే: అది ఆమె రాతే.

మీకైతే రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.