తొక్కు అంటే

మహారాష్ట్రలోని నాందేడ్‌లో మా అత్తగారిది రైల్వే కుటుంబం. మామగారు కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మా అమ్మది తెలంగాణ సరిహద్దున ధర్మాబాద్ దగ్గర పల్లె, ఇప్పటికీ పరాయి చేలల్లో మిరపకాయలు ఏరే కూలి. కాలేజీలో ఇష్టపడి చేసుకున్న పెళ్ళి వల్ల రెండిళ్ళూ కలిశాయి. కలిశాయని నేననుకున్నాను.

పెళ్ళయిన ఏడాది అమ్మ పొద్దుటి రైల్లో పండుమిరప తొక్కు తెచ్చింది. ఇంటినిండా అత్తగారి చుట్టాలు.

“తొక్కు తెచ్చిన వదినె,” అంది.

అత్తగారు నవ్వారు. “తొక్కేంటండీ వదినగారూ? మా వైపు కాళ్ళతో చేసే పనిని తొక్కడం అంటాం. తినేదాన్ని పచ్చడంటాం.”

అందరూ నవ్వారు. కాలేజీలో విసుగొస్తే ‘తొక్కలో’ అని తిట్టుకుంటామని మా ఆడపడుచు అందుకుంది. ఏం చెయ్యాలో తోచక అమ్మ కూడా నవ్వింది.

“కాళ్ళతోని కాదు వదినె. రోట్ల ఏసి రోకలితోని తొక్కుతం. ఒడ్లు దంచినట్టే.”

అప్పటికే మాటలు వేరేవైపు మళ్ళాయి.

మర్నాడు ఆ తొక్కు సీసా, అంట్లు తోమే మరాఠీ ఆమె ఇంటికి పోయింది. ఆమె చాలా బాగుందని చెప్పింది. తాము దీన్నే ఠేచా అంటామని, ఆ మాటకూ దంచడమనే అర్థమని అంది. అమ్మ ఫోన్ చేసి కారం ఎక్కువైందా అని అడిగింది. ఆ తర్వాత ఎప్పుడూ తేలేదు.

నిరుడు మా ఆడపడుచు ఫోన్‌లో పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టింది. ఇప్పుడు తొక్కంటేనే గిరాకీ అట. లేబుల్ మీద ‘అసలైన తెలంగాణ తొక్కు, మా అమ్మమ్మ చేతి రుచి’ అని వేయించింది. వాళ్ళ అమ్మమ్మది కాకినాడ. ఆ మాట అర్థం కూడా కింద అచ్చువేయించింది: రోట్లో వేసి రోకలితో తొక్కేది. అంటే ఆ రోజు అమ్మ మాట ఆమె విన్నది.

అమ్మకానికి పెట్టే వీడియో కోసం మా ఆయన చేత అమ్మను పిలిపించింది. అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చింది. అది మార్పించి, పాత నేతచీర కట్టించి, రోటి ముందు కూర్చోబెట్టారు. ఎండలో చాలాసేపు దంచింది. తీరా చూస్తే వీడియోలో ముఖం లేదు, చేతులే ఉన్నాయి.

ముఖం ఎందుకు లేదని అడిగాను. “చేతులు చాలు వదినా,” అంది ఆడపడుచు. ఆ చేతులు ఎవరివో రాయమన్నాను. ఇంత చిన్న విషయానికి గొడవెందుకని మా ఆయన విసుక్కున్నాడు.

ఆ సాయంత్రం స్టేషన్‌లో అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “కొట్లాట పెట్టుకోకు బిడ్డా. గా ఇంట్ల నువ్వు బతకాలె,” అంది. ఆమె అరచేయి బొబ్బలెక్కి ఉంది.

వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. మీ అమ్మమ్మ చేతులు బంగారమని దాని కింద ఎవరెవరో రాస్తుంటారు. ఆడపడుచు ప్రతి ఒక్కరికీ దండం బొమ్మ పెడుతుంది.